కార్ రేడియేటర్ ఫ్యాన్‌కి వేరియబుల్ స్పీడ్ కంట్రోలర్ ఎలా పెట్టుకోవాలి

"రిలే తీసేసి పీడబ్ల్యూఎం కంట్రోలర్ పెట్టా, అయినా ఇంజన్ వేడెక్కుతోంది, కంట్రోలర్ డూప్లికేటా?" ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, అందుకే ఒక్కసారి మొత్తం రాసేస్తున్నా. చాలాసార్లు కంట్రోలర్ బాగానే ఉంటుంది. సన్నటి వైరు, తుప్పు పట్టిన ఎర్త్, సెన్సార్ పెట్టిన చోటు, థర్మోస్టాట్‌తో (ఇంజన్ వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్) సంబంధం లేకుండా పెట్టిన సెట్టింగ్, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి దొంగ. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు అందరూ కంట్రోలర్‌ని తిడతారు.

థియరీ రెండు ముక్కల్లో చెప్పేస్తా. రిలేతో (కరెంట్‌తో పనిచేసే ఆన్ ఆఫ్ స్విచ్) అయితే ఫ్యాన్ ఉంటే ఫుల్, లేకపోతే ఆఫ్. ఆన్ అయిన క్షణంలో మామూలుగా తాగే కరెంట్‌కి రెండు మూడు రెట్లు లాగుతుంది, హెడ్‌లైట్లు డిమ్ అవుతాయి, ఐడిల్ ఒక్కసారి కిందకి పడి లేస్తుంది. పీడబ్ల్యూఎం కంట్రోలర్ కరెంట్‌ని చాలా వేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ ఫ్యాన్‌ని కావల్సినంత స్పీడులోనే తిప్పుతుంది, స్టార్ట్ కూడా మెల్లగా చేస్తుంది. గాలి స్పీడుతో పాటు పెరుగుతుంది కానీ దానికి పట్టే పవర్ స్పీడ్ ఘనంతో పెరుగుతుంది, అంటే సగం స్పీడులో తిప్పితే గాలి సగం వస్తుంది, పవర్ మాత్రం లెక్క ప్రకారం ఎనిమిదో వంతే. ట్రాఫిక్‌లో ఆల్టర్నేటర్ ఊపిరి పీల్చుకునేది ఇక్కడే.

పని మొదలెట్టే ముందు ఒకటి తేల్చుకోండి, మీకు అసలు కంట్రోలర్ కావాలా? ఇప్పుడున్న ఫ్యాన్‌ని డైరెక్ట్‌గా బ్యాటరీకి కలిపి ఫుల్‌గా తిప్పండి, బండి ఐడిల్‌లో పెట్టి ఏసీ ఆన్ చేసి పావుగంట చూడండి. అయినా టెంపరేచర్ ఎక్కుతూనే ఉంటే కంట్రోలర్ ఏమీ చేయలేదు, అది ఫ్యాన్‌కి కొత్త బలం ఇవ్వదు. ఫ్యాన్ చిన్నదో, ష్రౌడ్ (గాలి మొత్తం రేడియేటర్ గుండానే వెళ్ళేలా ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) లేదో, రేడియేటర్ మూసుకుపోయిందో చూస్కోండి. ఐడిల్‌లో బాగుండి హైవే మీద 80 దాటాక వేడెక్కితే ఆ గొడవ అసలు ఫ్యాన్‌ది కాదు, ఆ స్పీడులో ఎదురుగాలే సరిపోవాలి.

ఏమేం కావాలి

- కంట్రోలర్. మీ ఫ్యాన్ ఫుల్ స్పీడులో తాగే కరెంట్ కంటే కనీసం 30 శాతం ఎక్కువ కంటిన్యువస్ రేటింగ్ (ఆగకుండా మోయగల కరెంట్) ఉన్నది. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండేది చాలాసార్లు పీక్ రేటింగ్, అంటే కాసేపు మాత్రమే మోయగలిగేది, అది నమ్మకండి
- రెండు వైర్ల టెంపరేచర్ సెన్సార్, కంట్రోలర్‌తో వచ్చినదే అయితే మంచిది
- 6 లేదా 10 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, కంట్రోల్ వైర్లకి 0.75 చాలు
- మ్యాక్సీ ఫ్యూజ్ (పెద్ద సైజు బ్లేడ్ ఫ్యూజ్) దాని హోల్డర్‌తో సహా
- సరైన సైజు లగ్గులు, క్రింపింగ్ టూల్, గమ్ ఉన్న హీట్ ష్రింక్
- మల్టీమీటర్, డీసీ కరెంట్ చూపించే క్లాంప్ మీటర్ (ఏసీ మాత్రమే చూపించే క్లాంప్ ఇక్కడ పనికిరాదు, కొనేముందు చూస్కోండి)
- కూలెంట్, సెన్సార్ బిగించడానికి అడాప్టర్

స్టెప్ 1: ఫ్యాన్ కరెంట్ కొలవండి

లేబుల్ మీద ఉన్నదో ఎవరో చెప్పిందో కాదు, మీరే కొలవండి. ఇంజన్ నడుస్తుండగా, అంటే వోల్టేజ్ 13.5 పైన ఉన్నప్పుడు, ఫ్యాన్ ఫుల్‌గా తిప్పి క్లాంప్ పెట్టి అర నిమిషం తర్వాత రీడింగ్ రాసుకోండి. రెండు ఫ్యాన్లుంటే రెండూ కలిపి. స్క్రాప్ యార్డ్ నుంచి తెచ్చిన పెద్ద ఓఈఎం (బండి కంపెనీ వాళ్ళే పెట్టిన) ఫ్యాన్లు, ఫోర్డ్ టారస్‌ది లింకన్ మార్క్ 8ది లాంటివి, గాలి బ్రహ్మాండంగా లాగుతాయి కానీ కరెంట్ కూడా అదే లెవెల్లో తాగుతాయి, చిన్న కంట్రోలర్‌తో వాటి జోలికి పోవద్దు.

ఇక్కడే ఫ్యాన్ బ్రష్డా బ్రష్‌లెస్సా కూడా చూస్కోండి. రెండే లావు వైర్లుంటే దాదాపు బ్రష్డే. రెండు లావు వైర్లతో పాటు సన్న వైర్లు కూడా ఉంటే బ్రష్‌లెస్, దాని కంట్రోలర్ మోటర్‌లోనే ఉంటుంది. స్పాల్ లాంటి కంపెనీలు రెండు రకాలూ చేస్తాయి, కాబట్టి బ్రాండ్ పేరు చూసి డిసైడ్ అవకండి. బ్రష్‌లెస్ ఫ్యాన్ లావు వైర్లకి పీడబ్ల్యూఎం పవర్ ఇవ్వొద్దు, లోపలున్న బోర్డ్ పోతుంది. దానికి పవర్ నిలకడగా ఇచ్చి సన్న వైరుకి సిగ్నల్ మాత్రమే ఇవ్వాలి, ఆ సిగ్నల్ ఎంత ఫ్రీక్వెన్సీ, తిరగేసి ఇవ్వాలా మామూలుగా ఇవ్వాలా అన్నది ఆ మోడల్ డేటాషీట్‌లోనే చూడాలి.

స్టెప్ 2: వైరు, ఫ్యూజ్

అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే, అందుకే లెక్కతో చెప్తా. 30 ఆంప్స్ ఫ్యాన్, పోను రాను కలిపి 6 మీటర్ల వైరు అనుకోండి. 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే దారిలోనే దాదాపు 1.2 వోల్ట్‌లు పోతాయి, 6 వేస్తే అర వోల్ట్, 10 వేస్తే 0.3. ఒకటిన్నర వోల్ట్ పోయిందంటే ఫ్యాన్ గాలి సుమారు పదో వంతు తగ్గినట్టే, ఆ పోయినదంతా వైర్లో వేడిగా మారుతుంది. రాగి పూసిన అల్యూమినియం వైరు ఇంకా ఘోరం, చూడ్డానికి లావుగా ఉంటుంది, గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది.

ఫ్యూజ్ మీరు కొలిచిన కరెంట్‌కి ఒకటింపావు నుంచి ఒకటిన్నర రెట్లు. 30 ఆంప్స్‌కి 40 ఫ్యూజ్. అది బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోపే ఉండాలి, ఎందుకంటే ఫ్యూజ్ కాపాడేది ఫ్యాన్‌ని కాదు వైరుని, ఫ్యూజ్‌కి ముందున్న ముక్క బాడీకి తగిలితే ఆపేది ఏమీ లేదు.

ఏ పనికైనా ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. ఇంజన్ ఆపి ఉన్నా ఫ్యాన్ ఎప్పుడైనా తిరగొచ్చు, వేలు పోయాక ఏ సెట్టింగూ పనికిరాదు.

స్టెప్ 3: కంట్రోలర్‌కి చోటు

ఫ్యాన్ వెనక, అంటే రేడియేటర్ నుంచి వేడి గాలి వచ్చే చోట పెట్టొద్దు. లోపలున్న మాస్‌ఫెట్లు (కరెంట్‌ని ఆన్ ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) ఎంత వేడెక్కితే వాటి కెపాసిటీ అంత తగ్గుతుంది, మీకు ఫ్యాన్ బాగా అవసరమైన ఎండలోనే అది చేతులెత్తేస్తుంది. ఫెండర్ లోపలి గోడ, హెడ్‌లైట్ వెనక ఖాళీ, గ్రిల్ పక్క, ఇవి మంచి చోట్లు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కీ టర్బోకీ దూరం. కనెక్టర్లు కింద వైపు చూసేలా బిగించండి, నీళ్ళు లోపల నిలవవు.

బ్యాటరీ బూట్‌లోకి మార్చిన బండ్లకి ఒక మాట. బ్యాటరీ నుంచి కంట్రోలర్‌కి వైరు పొడవైతే లోపలి కెపాసిటర్లు వేడెక్కుతాయి. ముందు భాగంలో ఉన్న డిస్ట్రిబ్యూషన్ పోస్ట్ నుంచో ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ నుంచో, ఫ్యూజ్‌తోనే సుమా, పవర్ తీసుకోండి.

స్టెప్ 4: సెన్సార్

నేను చాలా ఏళ్ళ క్రితం నా బండికి మొదటిసారి పెట్టినప్పుడు సెన్సార్‌ని హీటర్ లైన్‌లో ఒక చివర, కూలెంట్ కదలని మూలలో బిగించా. ఇంజన్ గేజ్ 105 చూపిస్తుంటే కంట్రోలర్ మాత్రం 80 అనుకుని హాయిగా నిద్రపోయేది. రెండు వీకెండ్లు కంట్రోలర్ విప్పి బిగించి, చివరికి ఐఆర్ గన్ (తాకకుండానే వేడి కొలిచే మీటర్) పెట్టి చూస్తే అప్పుడు అర్థమైంది.

కాబట్టి కూలెంట్ పారే చోటే పెట్టాలి. నా ఓటు సిలిండర్ హెడ్ నుంచి బయటికొచ్చే దారిలో, థర్మోస్టాట్‌కి ఇంజన్ వైపు. అక్కడ ఇంజన్ నిజంగా ఎంత వేడిగా ఉందో తెలుస్తుంది. అక్కడ వీలు కాకపోతే పై హోస్ కోసి టీ అడాప్టర్ పెట్టండి. రేడియేటర్ అవుట్‌లెట్ వైపు పెట్టినా పనిచేస్తుంది, కాకపోతే అక్కడ కూలెంట్ చల్లబడి ఉంటుంది కాబట్టి సెట్టింగ్ కూడా తగ్గించుకోవాలి. రేడియేటర్ రెక్కల మధ్య గుచ్చే ప్రోబ్ రకం మాత్రం నాకు నచ్చదు, గుచ్చేటప్పుడు ట్యూబ్‌కి చిల్లు పడిన కేసులు చూశా, పైగా గాలి తగలగానే రీడింగ్ మారుతుంది.

బిగించే ముందు సెన్సార్‌ని టెస్ట్ చేయండి. జీఎం (జనరల్ మోటార్స్) రకం రెండు పిన్నుల సెన్సార్ అయితే 20 డిగ్రీల దగ్గర సుమారు 3500 ఓమ్స్, 80 దగ్గర 330, 90 దగ్గర 240, మరిగే నీళ్ళలో 177 చూపించాలి. గిన్నెలో నీళ్ళు మరిగించి సెన్సార్ ఇత్తడి భాగం మాత్రమే ముంచండి, కనెక్టర్ తడవకూడదు. వేరే రకం సెన్సార్‌కి ఈ నంబర్లు వర్తించవు, దాని టేబుల్ వేరే ఉంటుంది.

ఒక్క వైరే ఉన్న సెన్సార్ అయితే దాని మరలే ఎర్త్. మరలకి టెఫ్లాన్ టేప్ మందంగా చుట్టేసి తర్వాత రీడింగ్ రావట్లేదని తల పట్టుకోకండి.

వేడి ఇంజన్ మీద రేడియేటర్ క్యాప్ తీయొద్దు. ఇది ఎంత చెప్పినా తక్కువే. పూర్తిగా చల్లారాకే కూలెంట్ దించి సెన్సార్ బిగించండి, మళ్ళీ నింపాక హీటర్ ఫుల్‌లో పెట్టి గాలి బుడగలు పోయేదాకా బ్లీడ్ చేయండి, అంటే లోపల చిక్కిన గాలి బయటికి వదలండి. సెన్సార్ దగ్గర గాలి బుడగ చిక్కుకుంటే అది కూలెంట్‌ని కాదు ఆవిరిని కొలుస్తుంటుంది.

స్టెప్ 5: వైరింగ్

మీ కంట్రోలర్ ప్లస్‌ని స్విచ్ చేస్తుందా మైనస్‌నా అన్నది మాన్యువల్‌లో చూడండి. మైనస్‌ని స్విచ్ చేసే రకం అయితే ఫ్యాన్ మైనస్ కంట్రోలర్‌కే పోవాలి, బాడీకి కాదు. పాత వైరింగ్‌లో ఫ్యాన్ మైనస్ బాడీకి బోల్ట్ చేసి ఉంటుంది, అది అలాగే వదిలేసి ప్లస్ కలిపారంటే ఫ్యాన్ ఎప్పుడూ ఫుల్‌గా తిరుగుతూనే ఉంటుంది, ఇక మీరు కంట్రోలర్ చెడిపోయిందంటారు.

ఎర్త్ వైరు ప్లస్ వైరంత లావుగానే ఉండాలి. పెయింట్ గీకి మెరిసే ఇనుము కనిపించాక బోల్ట్ బిగించి పైన గ్రీజు రాయండి, వీలైతే నేరుగా బ్యాటరీ మైనస్‌కే తీసుకెళ్ళండి. సెన్సార్ వైర్లు రెండూ మెలితిప్పి ఇగ్నిషన్ కాయిల్స్‌కీ ఫ్యాన్ లావు వైర్లకీ దూరంగా లాగండి.

ఇగ్నిషన్ ట్రిగ్గర్ వైరు కీ ఆన్‌లో మాత్రమే 12 వోల్ట్‌లు వచ్చే చోటు నుంచి, కానీ ఇంజన్ ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) ఫీడ్ నుంచి కాదు. ఎందుకంటే బండి స్పీడులో ఉన్నప్పుడు ఎదురుగాలికి ఫ్యాన్ దానంతట అదే తిరిగి జనరేటర్‌లా కరెంట్ పుట్టిస్తుంది, తప్పుగా కలిపిన పాత బండ్లలో కీ తీసినా ఇంజన్ కాసేపు ఆడుతూ ఉండటానికి ఇదో కారణం.

ఏసీ ఉంటే కంప్రెసర్ క్లచ్ వైరు నుంచి కంట్రోలర్ ఏసీ ఇన్‌పుట్‌కి ఒక సిగ్నల్ ఇవ్వండి, ఏసీ ఆన్ అయితే ఫ్యాన్ కనీసం 50 నుంచి 60 శాతం తిరగాలి. ఇది మర్చిపోతే ఇంజన్ చల్లగానే ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం మీకు చెమటలు పడతాయి.

స్టెప్ 6: సెట్టింగ్

మొత్తంలో ఆలోచించాల్సింది ఇక్కడే. మీ థర్మోస్టాట్ ఎంత దగ్గర తెరుచుకుంటుందో ముందు తెలుసుకోండి, దాని మీదే నంబర్ కొట్టి ఉంటుంది. ఫ్యాన్ మొదలయ్యే పాయింట్ దానికంటే 5 నుంచి 8 డిగ్రీలు పైన, ఫుల్ స్పీడ్ ఇంకో 8 నుంచి 10 డిగ్రీలు పైన. 82 థర్మోస్టాట్ అయితే 88 దగ్గర మొదలై 97 దగ్గర ఫుల్. 91 ది అయితే 97, 105. ఇవి ఇంజన్ వైపు సెన్సార్ పెట్టినప్పటి నంబర్లు. బండి మాన్యువల్‌లో వేరే లిమిట్ ఉంటే అదే ఫైనల్.

"ఎంత చల్లగా ఉంటే అంత మంచిది కదా" అని 75 దగ్గర సెట్ చేసేవాళ్ళున్నారు. థర్మోస్టాట్ 82 కి ముందు తెరుచుకోదు, మూసుకున్న రేడియేటర్‌కి ఎంత గాలి కొడితే ఏం లాభం? ఇంజన్ 82 కిందకి దిగదు, ఫ్యాన్ పొద్దస్తమానం తిరిగి బేరింగులు అరగ్గొట్టుకుంటుంది. ఇంకో వైపు 100 అనగానే కంగారు పడేవాళ్ళు. ఒక బార్ ప్రెషర్ క్యాప్ బాగుంటే వట్టి నీళ్ళే 120 దగ్గరకి వచ్చేదాకా మరగవు, కూలెంట్ కలిపితే ఇంకా పైన.

మినిమం స్పీడ్ 25 నుంచి 30 శాతం. మరీ తక్కువ పెడితే మోటర్ తిరగలేక మూలుగుతూ లోపలే వేడెక్కుతుంది. ఆ మినిమంలో ఆగి ఉన్న ఫ్యాన్ దానంతట అది కదలాలి, చేత్తో తోస్తే కదిలింది అంటే సెట్టింగ్ పెంచండి (చేత్తో తోయమని కాదు, కర్ర కూడా వద్దు).

స్పీడ్ ఊగిసలాడుతుంటే, అంటే పది సెకన్లకోసారి పెరుగుతూ తగ్గుతూ ఉంటే, మొదలు పాయింట్‌కీ ఫుల్ పాయింట్‌కీ మధ్య దూరం పెంచండి.

స్టెప్ 7: చెక్ చేసుకోవడం

ఇవన్నీ చేయకుండా బానెట్ వేసేయకండి.

1. గాలి ఏ వైపు? ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉంటే ముందు వైపు పెట్టిన కాగితం రేడియేటర్‌కి అతుక్కోవాలి. ఎగిరిపోతే ప్లస్ మైనస్ తారుమారు. వైర్లు మార్చితే తిరగడం సరవుతుంది కానీ ముందు వైపు పెట్టే ఫ్యాన్‌ని వెనక బిగించి వైర్లు తిప్పితే సరిపోదు, రెక్కల వంపు ఒక వైపుకే చేసి ఉంటుంది.

2. సెన్సార్ కనెక్టర్ పీకేయండి. మంచి కంట్రోలర్ ఫ్యాన్‌ని ఫుల్‌లో పెట్టేయాలి. కొన్ని చవక రకాలు వైరు తెగితే "ఇంజన్ చల్లగా ఉంది" అనుకుని ఫ్యాన్ ఆపేస్తాయి, అలాంటిది మీ చేతిలో పడితే స్టెప్ 8 తప్పనిసరి.

3. వోల్టేజ్ డ్రాప్. ఫ్యాన్ ఫుల్ స్పీడులో ఉండగా బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యాన్ ప్లస్‌కి మీటర్ పెట్టండి, తర్వాత ఫ్యాన్ మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కి. రెండూ కలిపి ఒక వోల్ట్ లోపు ఉండాలి, అర వోల్ట్ అయితే శభాష్. ఎక్కువ వస్తే ముక్క ముక్కగా కొలుచుకుంటూ వెళ్తే ఏ లగ్గు దగ్గరో ఫ్యూజ్ హోల్డర్ దగ్గరో దొరికిపోతుంది. ఈ టెస్ట్ ఫుల్ స్పీడులోనే చేయాలి, సగం స్పీడులో మీటర్ ఆన్ ఆఫ్‌ల సగటు చూపిస్తుంది, ఆ నంబర్‌కి అర్థం లేదు.

4. ఐడిల్‌లో వదిలేసి చూడండి. థర్మోస్టాట్ తెరుచుకున్నాక పై హోస్ వేడెక్కాలి, ఫ్యాన్ మెల్లగా మొదలై పెరిగి ఒక స్పీడు దగ్గర స్థిరపడాలి. ఓబీడీ యాప్‌లో (బండి డయాగ్నస్టిక్ పోర్ట్ నుంచి రీడింగులు చూపించే యాప్) కూలెంట్ టెంపరేచర్ చూస్తుంటే అది రెండు మూడు డిగ్రీల తేడాలోనే ఉండాలి.

5. ఫుల్ స్పీడులో పది నిమిషాల తర్వాత ఐఆర్ గన్‌తో ఫ్యూజ్ హోల్డర్, లగ్గులు, కంట్రోలర్ ఒళ్ళు చూడండి. పక్కనున్న వైరు కంటే ఏదైనా ఒక జాయింట్ బాగా వేడిగా ఉంటే అక్కడ క్రింపింగ్ వదులు.

స్టెప్ 8: బైపాస్ స్విచ్

ట్రాక్ మీదకి వెళ్ళేవాళ్ళు, దూర ప్రయాణాలు చేసేవాళ్ళు ఇది పెట్టుకోండి. చాలా కంట్రోలర్లకి మాన్యువల్ ఫుల్ అనే ఇన్‌పుట్ ఉంటుంది, దానికో చిన్న స్విచ్ చాలు. కానీ కంట్రోలరే పోతే అది కూడా పోతుంది కదా, కాబట్టి సీటు కింద ఒక ఫ్యూజ్ ఉన్న జంపర్ వైరు ఉంచుకోండి, దారిలో ఆగిపోతే కంట్రోలర్ విప్పేసి ఫ్యాన్‌ని డైరెక్ట్‌గా కలుపుకుని ఇంటికి రావచ్చు.

వేరే దారులు

స్టాండలోన్ ఈసీయూ (కంపెనీది తీసేసి విడిగా కొని పెట్టుకునేది) ఉంటే, హాల్టెక్, లింక్, మోటెక్ లాంటివి, విడి కంట్రోలర్ అక్కర్లేదు, ఈసీయూ పీడబ్ల్యూఎం అవుట్‌పుట్‌తో సాలిడ్ స్టేట్ రిలే (కదిలే కాంటాక్టులు లేని ఎలక్ట్రానిక్ రిలే) నడిపించొచ్చు. అది ఆ ఫ్రీక్వెన్సీకి తగిన రకం అయ్యుండాలి. మామూలు రిలేకి పీడబ్ల్యూఎం ఇవ్వొద్దు, కటకటమని కొట్టుకుని కాంటాక్టులు అతుక్కుపోతాయి. ఈ దారిలో లాభం ఏంటంటే బండి 70 దాటాక ఫ్యాన్ ఆపేయమని కూడా రాసుకోవచ్చు.

ఒకేలాంటి రెండు ఫ్యాన్లుంటే మూడు రిలేలతో సిరీస్, ప్యారలల్ మార్చే పాత పద్ధతి ఉంది. సిరీస్‌లో రెండూ మెల్లగా, ప్యారలల్‌లో రెండూ ఫుల్‌గా. రెండే స్పీడులు వస్తాయి కానీ ఏ రిలే పోయినా దొరుకుతుంది, రోజూ తిరిగే బండికి నేనైతే ఇదే చాలంటా.

మాస్‌ఫెట్ కొని సొంతంగా కట్టుకుందామనుకునేవాళ్ళకి ఒక్కటే హెచ్చరిక, మోటర్‌కి అడ్డంగా ఫ్రీవీలింగ్ డయోడ్ (ఆఫ్ అయిన ప్రతిసారీ మోటర్ పుట్టించే వోల్టేజ్‌కి దారి ఇచ్చేది) లేకుండా ఆన్ చేస్తే మొదటి నిమిషంలోనే మాస్‌ఫెట్ పోతుంది. అది షార్ట్ అయి పోతే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది, ఓపెన్ అయి పోతే అసలు తిరగదు, ఏది అవుతుందో మన చేతిలో లేదు.

అన్నీ పాసైనా ఒక వారం నడిపాక ఒక సాయంత్రం కేటాయించండి. ఇంజన్ చల్లారాక బ్యాటరీ మైనస్ తీసి ప్రతి లగ్గూ లాగి చూడండి, ఎర్త్ బోల్ట్ ఇంకోసారి బిగించండి, సెన్సార్ చుట్టూ కూలెంట్ చెమ్మ ఉందేమో వేలితో తడిమి చూడండి.